ఆఖరి పాట తర్వాత నీళ్ల చప్పుడు

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా మేనకోడలు మద్రాసు తొండియార్‌పేటలో నేనుండే ఫ్లాటుకు వచ్చి, చెప్పులు విడుస్తూనే నా రెండు చెవుల్లోనూ తెల్లగా అలసంద గింజల్లాంటివి ఏవో దూర్చి, కళ్లు మూసుకొని వినమంది. వాళ్ల నాన్న, అంటే మా తమ్ముడు, పోయి ఏడాది కావస్తోంది. వాడు పెళ్లికి ముందెప్పుడో వ్యాసర్పాడిలో మా ఒంటిగది ఇంట్లో కూర్చుని, పాటలు తనే రాసి, తనే పాడి, వాయిద్యాలన్నీ తనే వాయించి ఒక రాక్ ఆల్బము చేశాడు. దాన్ని సంవత్సరీకం నాటికి శుభ్రం చేయించి, అందరూ వినేలా ఇంటర్నెట్టులో పెట్టాలని ఆ పిల్ల పట్టుదల. ఎవరో కుర్రవాళ్లు ఆ పాత క్యాసెట్టుకు పట్టిన బూజంతా కంప్యూటరులో దులిపి ఇచ్చారట. ఆఖరి పాట పెట్టింది. అందులో మా అమ్మ గొంతు ఉంది. ఆవిడ బతికున్న రోజుల్లో కూడా నేను అంత దగ్గరగా విన్నానో లేదో, ఊపిరి తీసుకోవడం సైతం వినిపిస్తోంది, నాకు కళ్లు చెమర్చాయి. కానీ వింటున్నకొద్దీ ఏదో వెలితి. పాట అయిపోయింది. నేను ఇంకా దేనికోసమో కాచుకొని కూర్చున్నాను. ఏమీ రాలేదు.

"అయిపొయ్యింది అత్తే. ఎనకాల ఉండే నాయిస్ అంతా తీసేసినారు. సూపరా ఉండాది గదా?" అంది మేనకోడలు, నా ముఖంలోకే చూస్తూ.

నాకు కోపం త్వరగా వస్తుందని మా వాళ్లందరికీ తెలుసు. ఆ రోజూ వచ్చింది, నోటిదాకా వచ్చి ఆగింది. తీసేసినది ఏమిటో ఆ పిల్లకు తెలియదు కదా, ఎవరు చెప్పారు గనక? వాళ్ల నాన్న పాటలో తప్ప మాటల్లో ఏదీ చెప్పే మనిషి కాదు. అందుకని ముందు కాఫీ పెట్టి, మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ఆ పిల్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. క్యాసెట్టులో టేపు చిక్కుపడితే పెన్సిలు దూర్చి తిప్పుకున్న వయసు వాళ్లయితే మీకు నేను అంతగా విడమర్చాల్సిన పని ఉండదు.

మాది ఎన్ని తరాల కిందటో నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో పాతుకుపోయిన కుటుంబం. ఎప్పుడు వచ్చామో, ఎందుకు వచ్చామో చెప్పగలిగినవాళ్లు మా తాత నాటికే లేరు. వ్యాసర్పాడిలో రైల్వే యార్డు గోడను ఆనుకొని ఉన్న వీధిలో తెలుగువాళ్లూ తమిళులూ కలిసే ఉండేవాళ్లం. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం, కుళాయి దగ్గర తగువొస్తే రెండూ. నాన్న లారీ డ్రైవరు. ఊరి చివర మనలి రిఫైనరీ నుంచి పీపాలు ఎక్కించుకొని ఉత్తరాదికి పోయేవాడు, వచ్చినప్పుడు ఒంటినిండా డీజిలు వాసనతో, సంచి నిండా నారింజపళ్లతో వచ్చేవాడు. ఇప్పటికీ నారింజపండు ఒలిస్తే నాకు డీజిలు వాసన కూడా వస్తుంది, చెబితే మా మేనకోడలు నవ్వుతుంది.

అమ్మ చదువుకోలేదు. కానీ చుట్టుపక్కల ఏ తెలుగింట్లో చావు జరిగినా ముందు మా ఇంటికే మనిషి వచ్చేది, అమ్మను పిలుచుకుపోవడానికి. చావింట్లో శవం చుట్టూ ఆడవాళ్లు కూర్చుని పాడే ఏడుపు పాటను మావైపు ఒప్పారి అంటారు. తమిళంలో పాడేవాళ్లు వీధికి నలుగురుండేవారు గానీ తెలుగులో అప్పటికప్పుడు కట్టి పాడగలిగింది అమ్మ ఒక్కతే. పోయినవాళ్లు ఏ పని చేసేవారు, ఏ కూర ఇష్టంగా తినేవారు, ఎవరితో మాటలు మానుకున్నారు, అన్నీ ఆవిడ పాటలోకి వచ్చేవి. తాగుబోతు మొగుణ్ని సైతం రెండు చరణాలు కడిగి పారేసి మూడో చరణంలో అందరిచేతా ఏడిపించేది. దానికి కట్టుబాట్లు ఉండేవి. ఎదురుగా పోయిన మనిషి లేనిదే ఒప్పారి ఎత్తకూడదు. బతికున్నవాళ్ల ఇంట్లో మాటవరసకైనా ఆ రాగం తీయకూడదు. అన్నిటికన్నా గట్టిది ఇంకొకటి. ఒప్పారి ఎత్తుకున్న మనిషిని ఒంటరిగా కూర్చోనివ్వకూడదు. ఆ గొంతు చెవిన పడిన ఆడది చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేయాల్సిందే, పగవాళ్లయినా సరే.

అలాంటి అమ్మ, నాన్న పోయినప్పుడు నోరు తెరవలేదు. నాగపూర్ దాటాక రోడ్డు పక్క ధాబాలో నులకమంచం మీద నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదట. ఆ రోజుల్లో కబుర్లు ఎంత నిదానంగా వచ్చేవో మీకు తెలుసు. మాకు తెలిసేసరికే తోటి డ్రైవర్లు అక్కడే దహనం చేసి, అస్థికల ముంత ఒకటి, నాన్న లారీలో పెట్టుకునే ఇనప సామాన్ల పెట్టె ఒకటి తీసుకొని బయలుదేరారు. అస్థికలను ఇంట్లోకి తేకూడదు కనుక అటునుంచి అటే కాశిమేడు సముద్రానికి వెళ్లారు, తమ్ముడు అక్కడే తల మీద నీళ్లు పోసుకొని వచ్చాడు. ఇంటికి చేరింది ఆ పెట్టె ఒక్కటే. ఆడవాళ్లంతా వచ్చారు గానీ మధ్యలో ఎవరున్నారని చుట్టూ కూర్చోవడం? అమ్మ గోడకు ఆనుకొని అలాగే ఉండిపోయింది. పక్క వీధిలో ఉండే మా మేనత్త, నాన్నకు చెల్లెలు, ఏడవమని ఎంతగానో బతిమాలింది.

"ఎవుర్ని చూసి ఏడ్చేది?" అని ఒక్క మాట అని అమ్మ ఊరుకుంది.

ఆ తరువాత చావిళ్లకు వెళ్లడం కూడా మానేసింది. పిలవడానికి వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి, ఆవిడ ముఖం చూసి తిరిగిపోయేవారు. పెట్టె మంచం కిందికి చేరింది, దాన్ని ఎవరూ తెరవలేదు. చిమ్మేటప్పుడు అమ్మ చీపురు దాని చుట్టూ తిరిగి వచ్చేది తప్ప తాకేది కాదు. వీధిలోకి నీళ్ల లారీ వచ్చినప్పుడు బిందె పట్టుకొని అందరితోపాటు పరుగెత్తేది గానీ మిగతావాళ్లు గొట్టం వైపు చూస్తే ఈవిడ ముందు డ్రైవరు సీటు వైపు చూసేది. నేను చాలాసార్లు గమనించాను. గమనించినట్టు ఆవిడకు తెలియనివ్వలేదు.

తమ్ముడు పెరంబూరులో ఒక ఆంగ్లో ఇండియన్ మాస్టారి దగ్గర గిటారు నేర్చుకున్నాడు. కాలేజీలో చేరాక నలుగురు స్నేహితులు కలిసి ఒక బ్యాండు పెట్టుకొని, జుట్లు పెంచుకొని, కాలేజీ ఉత్సవాల్లో ఇంగ్లీషు పాటలు పాడేవారు. వాడి జుట్టు చూసి మేనత్త రిబ్బను కొనిపెడతానని ఏడిపించేది. చదువులు అయ్యాక ఆ నలుగురిలో ఒకడు గల్ఫుకు పోయాడు, ఒకడు బ్యాంకులో చేరాడు, మూడోవాడు పెళ్లి చేసుకొని గిటారు అటక మీద పెట్టాడు. వీడు మనలి రోడ్డులో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉదయం షిఫ్టు ఉద్యోగంలో చేరాడు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి, అన్నం తిని, గిటారు ముందు పెట్టుకొని వాయించకుండా కూర్చునేవాడు. అది చూడటం నాకు కష్టంగా ఉండేది. ఒకరోజు ఉన్నట్టుండి, ఇంక ఎవరి కోసమూ కాచుకోనక్కా, అంతా నేనే చేసుకుంటాను, అన్నాడు.

నేనప్పుడు వడపళనిలో క్యాసెట్లు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. ఒక అసలు టేపు నుంచి వరసగా నకళ్లు తీసే గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, ఎక్కడైనా గరగర ఉందేమో విని పక్కన పడేయడం నా పని. భక్తి పాటలు, సినిమా పాటలు, హాస్యం, ఏదైనా సరే, పాట వినేదాన్ని కాను, పాటలో చెడు వినేదాన్ని. అక్కడి రికార్డిస్టుకు నేనంటే కూతురన్నంత అభిమానం. ఆయన దగ్గర ఒక ఫోర్ ట్రాక్ యంత్రం ఖాళీగా పడి ఉంటే, వాడుకొని భద్రంగా తెచ్చివ్వమని ఇచ్చాడు. దాన్ని ఒడిలో పెట్టుకొని, రెండు బస్సులు మారి, చంటిపిల్లను తెచ్చినంత జాగ్రత్తగా ఇంటికి తెచ్చాను.

ఆ యంత్రంలో పెట్టేది మామూలు క్యాసెట్టే, కానీ దాని మీద నాలుగు వరసలు విడివిడిగా ఎక్కుతాయి. మొదటి వరసలో గిటారు వాయించి, అది చెవుల్లో వింటూ రెండో వరసలో ఇంకో గిటారు, మూడో వరసలో గొంతు, నాలుగో వరసలో దరువు. ఒక్క మనిషే నలుగురై తనతో తానే కచేరీ చేసుకున్నట్టు. కిటికీకి నాన్న పాత టార్పాలిను అడ్డంగా కట్టాం, గదంతా మళ్లీ డీజిలు వాసన. డ్రమ్ముల సెట్టు మా గదిలో ఎక్కడ పడుతుంది? బిస్కెట్టు డబ్బా, ట్రంకు పెట్టె, బోర్లించిన బకెట్టు, అవే మా డ్రమ్ములు. ఎంత చేసినా యార్డులో వ్యాగన్లు గుద్దుకునే చప్పుడు వచ్చి టేపులో పడేది. ఎవరింటి మిక్సీయో మొదలయ్యేది. పాట సగంలో ఉండగా ఎవరో చక్కెర అడగడానికి వచ్చేవారు. వాడు తల పట్టుకొని, చప్పుడు లేని చోటు ఈ భూమ్మీద ఉండాదా అక్కా, అని వాపోయేవాడు. చప్పుళ్లంటే వాడికీ మొదట్లో అంత విసుగే, అది మా మేనకోడలికి ప్రత్యేకంగా చెప్పాను.

ఆ పాటలు వాడు ఇంగ్లీషులో రాయలేదు, తమిళంలోనూ రాయలేదు. మా ఇంటి తెలుగులో, ఈడ అంటూ ఆడ అంటూ రాశాడు. యార్డు గోడ మీద, బస్సులో ఫుట్‌బోర్డు మీద, బ్యాండు విడిపోయిన రోజు మీద. మా ఆఫీసులో ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన ఒకాయన ఒక పాట విని, రాకేమో ఇంగ్లీషువాళ్లది, భాషేమో ఇలా ఉంది, కాస్త మంచి తెలుగులో రాయమనకూడదా, అని నవ్వాడు. మంచిదో చెడ్డదో మాకు పుట్టుకతో వచ్చిన తెలుగు ఇదే, నచ్చకపోతే చెవుల్లోంచి తీసి బల్ల మీద పెట్టండి, అన్నాను. చాలా రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నాకూ పెద్ద నష్టమనిపించలేదు.

పాటలు ఒక్కొక్కటే పూర్తయి చివరికి ఒక్కటి మిగిలింది. అది నాన్న పాట. ఆడ నువ్వు, ఈడ మేము, మధ్యలో రోడ్డు, అని మొదలవుతుంది. రెండు గిటార్లు, వాడి గొంతు ఎక్కించి, నాలుగో వరస ఖాళీగా ఉంచుకొని, పాట నడిమధ్యలో మాటలు లేకుండా చాలాసేపు గిటారు మాత్రం నడిపించి పెట్టాడు. అక్కడ అమ్మ ఒప్పారి పాడాలని వాడి కోరిక. చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకొని చావిళ్లకు పోయి, ఆడవాళ్ల మధ్య నిద్రపోయి లేచినవాడు. నా సంగీతానికి మొదటి గురువు అమ్మే, నాకు ఆ గొంతు కావాలి, అది లేకుంటే ఈ క్యాసెట్టే వద్దు, అని నాతో తెగేసి చెప్పాడు. చివరికి ధైర్యం చేసి అమ్మనే అడిగాడు.

"ఒప్పారి ఏందిరా, ఇంట్లో పెళ్లి గావాల్సిన పిల్ల ఉండాది, నువ్వుండావు. ఎవురు పోయినారని పాడేది?" అంది అమ్మ, చేటలో బియ్యం మీద నుంచి కళ్లెత్తకుండానే.

"నాయన పోలేదామ్మా?" అన్నాడు వాడు.

అమ్మ చేట కింద పెట్టి బయటికి వెళ్లిపోయింది. ఆ తరువాత ఇంట్లో ఇద్దరూ ఎదురుపడినా మాట లేదు. అన్నం పెట్టేది, తినేవాడు, అంతే. అటు రికార్డిస్టుకు యంత్రం అవసరం పడి అడగడం మొదలుపెట్టాడు. నాకైతే క్యాసెట్టు సంగతి కన్నా, ఎప్పుడో గొంతులో అడ్డం పడిపోయినదాన్ని ఇప్పుడు వీడు కదిపాడే, అది అమ్మను ఏం చేస్తుందో అని భయం వేసేది.

చివరికి తమ్ముడే ఓడిపోయాడు. ఆ ఖాళీని వట్టి దరువుతో నింపేసి యంత్రం ఇచ్చేద్దామన్నాడు. అది సెలవు రోజు, నేను ఇంట్లోనే ఉన్నాను. మేనత్త, నేను గుమ్మంలో కూర్చొని మునగాకు దూస్తున్నాం. బిస్కెట్టు డబ్బా కొట్టి చూశాడు, తేలిపోయింది. ట్రంకు పెట్టె కొట్టి చూశాడు, నచ్చలేదు. కాసేపు అలా కూర్చుని, ఒక్కసారిగా మంచం కిందికి వంగి నాన్న ఇనప పెట్టెను బయటికి లాగాడు. గది మధ్యలో చాప పరిచి, పెట్టెను దాని మీద పెట్టి, మైకు దగ్గరికి జరిపి, యంత్రం మీట నొక్కి, అరచేతులతో కొట్టడం మొదలుపెట్టాడు. లోపల స్పానర్లు, నట్లు ఒకదానికొకటి తగిలి, ఆ దరువుకు అడుగున సన్నగా ఇంకో మోత. ఎన్నో ఏళ్ల తరువాత నాన్న సామాను కదిలిన చప్పుడది.

సరిగ్గా అప్పుడే అమ్మ నీళ్ల లారీ దగ్గర్నుంచి నిండు బిందె చంకన పెట్టుకొని వచ్చింది. గుమ్మంలో ఆగింది. గది మధ్యలో చాప, చాప మీద పొడుగ్గా ఆ పెట్టె, పక్కన తల వంచుకొని కొడుకు. బిందెను చుక్క తొణక్కుండా గుమ్మం పక్కన దించింది. జుట్టు ముడి విప్పుకుంది. వెళ్లి పెట్టెకు ఎదురుగా కూర్చుంది. ఆ తరువాత లేచిన ఆవిడ గొంతును నేను మాటల్లో పెట్టలేను, పాట మాత్రం ఇది.

"లారీలెన్నో వొస్తుండాయి, నీ లారీ యాడ సామీ
బిందె నిండిపొయ్యినాది, దించే చెయ్యి యాడ సామీ
ఊరోళ్ల సావులకు గొంతు పోసినానే
నీ సావుకు నా గొంతు పూడిపొయ్యినాదే సామీ"

మునగాకు పళ్లెం ఎక్కడ పడిందో తెలియదు. మేనత్త ఒక పక్క, నేను ఒక పక్క వెళ్లి కూర్చొని భుజాల మీద చేతులు వేశాం. తమ్ముడు చేతులు ఆపలేదు. కళ్ల నుంచి కారేది తుడుచుకోవడానికైనా ఆపకుండా, అమ్మ ఊపిరి తీసుకున్నప్పుడల్లా నెమ్మదించి, మళ్లీ ఎత్తుకోగానే అందుకొని కొట్టాడు. యంత్రం తిరుగుతూనే ఉంది.

పట్టపగలు ఒక ఇంట్లోంచి అలాంటి గొంతు లేస్తే వ్యాసర్పాడిలో ఏమవుతుందో ఆ చోటు తెలిసినవాళ్లు ఊహించుకోవచ్చు. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. మా ఇంట్లో ఎవరో పోయారనుకున్నారు, ఇంకేమనుకుంటారు పాపం. ఎవురు, ఎవురు అని తెలుగులో, యారు, యారు అని తమిళంలో, ముందు కాళ్ల చప్పుడు, దాని వెనక గొంతులు. టీ కొట్టాయన, చచ్చినవాళ్లను కూర్చోబెట్టడానికో వచ్చినవాళ్లు కూర్చోవడానికో, తన బెంచీనే నెత్తిన పెట్టుకొని వచ్చేశాడు. ఇస్త్రీ బండి ఆయన చావుకు వాయించే పరై డప్పుల మేళానికి మనిషిని కూడా పంపించేశాడని తరువాత తెలిసింది. కుళాయి దగ్గర తగువు పెట్టుకొని అమ్మతో ఏళ్ల తరబడి మాటలు లేని ఎదురింటి ఆవిడ, చేతికి పిండి అంటుకొని ఉండగానే వచ్చి, నన్ను పక్కకు జరిపి, అమ్మ భుజం పట్టుకొని కూర్చుంది.

"ఎవురు పోయినారు?" అని గుమ్మంలోంచి ఎవరో అడిగారు.

"మాయన్న. లారీ అన్న," అంది మేనత్త.

"ఇప్పుడా?"

"అవును. ఇప్పుడే," అంది మేనత్త.

టీ కొట్టాయన బెంచీ దించి, తలకు చుట్టుకున్న తువాలు తీసి భుజాన వేసుకొని, వాకిట్లో నేల మీదే కూర్చున్నాడు. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు లోపలికి వచ్చి పెట్టె చుట్టూ సర్దుకున్నారు. తెలుగు అర్థం కాని తమిళ ఆడవాళ్లు సామీ అన్న చోటల్లా గొంతు కలిపారు. నాన్న పోయి ఎన్నో ఏళ్లయ్యాక, ఆ మధ్యాహ్నం, ఆయనకు జరగాల్సిన ఏడుపు జరిగింది. ఆ రోజు నేను ఏడ్చినట్టు నా జీవితంలో మళ్లీ ఏడవలేదు, అంత తేలికగానూ మళ్లీ ఉండలేదు.

గొంతు దానంతటదే సన్నగిల్లి ఆగిపోయాక అమ్మ లేచి జుట్టు ముడుచుకుంది. అందరూ వెళ్లడానికి లేచారు. చావింటి నుంచి వెళ్తే ఎవరింటి ముందు వాళ్లు కాళ్లు కడుక్కొని లోపలికి పోవడం వాడుక. మరి ఇది చావిల్లా కాదా అని ఎవరికీ తేలక గుమ్మంలో తటపటాయిస్తున్నారు. అప్పుడు అమ్మ ఆ నిండు బిందె దగ్గరికి వెళ్లి, చెంబు ముంచి, బయటికి వచ్చే ఒక్కొక్కరి కాళ్ల మీదా నీళ్లు పోసి పంపింది. మా దుఃఖం మా గడప దాటి వాళ్లిళ్లకు పోకూడదని. నీళ్ల లారీ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియని ఎండాకాలంలో, ఆఖరి మనిషి వెళ్లేసరికి బిందె అడుగంటింది. చివరి నీళ్లు అమ్మ తన కాళ్ల మీద పోసుకుంది. టేపు అయిపోయి యంత్రం టక్కున ఆగింది.

ఆ నాలుగో వరసలో అంతా కలిసిపోయి ఉంది. పెట్టె దరువు, అమ్మ గొంతు, కాళ్ల చప్పుడు, ఎవురు అన్న ప్రశ్న, యార్డులో ఎక్కడో ఇంజను కూత, ఆఖర్న నీళ్లు. ఉంచితే అంతా ఉంచాలి, తీస్తే అంతా తీసేయాలి. తమ్ముడు మర్నాడు దాన్ని అమ్మకు వినిపించి, నీకిష్టం లేకుంటే ఇప్పుడే చెరిపేస్తానన్నాడు. అమ్మ తనను తాను వినడం అదే మొదలు. కదలకుండా చివరిదాకా విన్నది.

"ఉంచుకో. దీని తర్వాత ఇంకో పాట పెట్టొద్దు. నీళ్ల సప్పుడు మటుకు తియ్యొద్దురా, తీస్తే నా గొంతు గూడా తీసెయ్యి. ఇన్నోళ్లు కాళ్లు గడుక్కోకుండా పోగూడదు," అంది.

మా కంపెనీ యజమాని విన్నాడు. మొదటి పాటకు తల ఊపాడు, ఆఖరి పాటకు లేచి నిలబడ్డాడు. చావు పాట ఉన్న క్యాసెట్టు ఎవరింట్లో పెట్టుకుంటారమ్మా అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. రికార్డిస్టు సాయంతో భోజనాల వేళ యంత్రాలు ఖాళీగా ఉన్నప్పుడు మేమే కొన్ని నకళ్లు తీసుకున్నాం. అట్ట మీద ఇనప పెట్టె ఫోటో వేశాం. కాలేజీ కుర్రవాళ్లు కొందరు తీసుకున్నారు, పత్రికల్లో ఎవరూ ఏమీ రాయలేదు. తమ్ముడి ఆఫీసు దయవల్ల అది చేరాల్సిన చోటికి మాత్రం చేరింది. నాన్నతో తిరిగిన డ్రైవర్లు తలా ఒకటి లారీల్లో పెట్టుకున్నారు. బండి నడుస్తున్నప్పుడు ఆఖరి పాట వినేవారు కాదట. ధాబా దగ్గర ఆపి, ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చొని విని, నీళ్ల క్యాను వంచి కాళ్లు కడుక్కొని మళ్లీ ఎక్కేవారట. వాళ్లలో ఒకాయన ఇంటికి వచ్చి ఆ మాట చెబితే అమ్మ చాలాసేపు ఆయన చేతులు పట్టుకొని కూర్చుంది. ఆ తరువాత అమ్మ మళ్లీ చావిళ్లకు వెళ్లింది, ఓపిక ఉన్నన్నాళ్లూ పాడింది. ఆవిడ పోయినప్పుడు మేనత్త ఉంది కనుక నాలుగు మాటలైనా కలిపి పాడగలిగాం.

తమ్ముడు మళ్లీ ఆల్బము చేయలేదు. చెప్పాల్సింది చెప్పేశానక్కా అనేవాడు. పిల్లలకు గిటారు నేర్పుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ బతికాడు. పోయిన ఏడాది మాధవరంలో వాళ్ల అపార్టుమెంటు కింద, కార్లు పెట్టే చోట, చల్లటి అద్దాల పెట్టెలో వాణ్ని పడుకోబెట్టారు. ఎవరు పోయారని ఎవరూ అడగలేదు, అడగాల్సిన పని లేకుండా అందరి ఫోన్లకూ ముందే తెలిసిపోయింది. వచ్చినవాళ్లు నిలబడి దండం పెట్టి వెళ్లారు. మర్యాదకు లోటు లేదు. నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను. నాకు గొంతు కలపడం వచ్చుగానీ ఎత్తుకోవడం రాదు, అమ్మ దగ్గర నేర్చుకోవాలని ఎప్పుడూ తోచలేదు. అంతసేపూ ఆ పెట్టె మోటారు హోరు ఒక్కటే వినిపించింది. అంత పాట చేసినవాడు అంత నిశ్శబ్దంగా పోయాడు.

ఇదంతా చెప్పాక నేను బీరువాలోంచి పాత క్యాసెట్టు, ఇంకా పనిచేసే నా ప్లేయరు తీశాను. ఒంటరిగా వినే పాట కాదిది, నా పక్కన వచ్చి కూర్చో, అన్నాను. ఎందుకో వీధి తలుపు కూడా బార్లా తెరిచి, చప్పుడు పూర్తిగా పెంచాను. అమ్మ ఎత్తుకోగానే ఆ పిల్ల చెయ్యి దానంతటదే నా భుజం మీదికి వచ్చింది. కాళ్ల చప్పుళ్లు వచ్చాయి. యారు, యారు అన్న గొంతులు వచ్చాయి. తీసేసిన నాయిస్ అదే. అవి తీసేసి ఆ కుర్రవాళ్లు తెలియక చేసింది ఒక్కటే, మా అమ్మను ఒంటరిగా కూర్చోబెట్టి ఏడిపించారు. నేను చెప్పక్కర్లేకుండానే ఆ పిల్లకు అర్థమైంది. ఇప్పటి యంత్రాలు దేన్ని దేని నుంచైనా విడదీయగలవట. మాకు అప్పట్లో ఆ వీలు లేదు, అందువల్లే కాబోలు అందరం ఒకే వరసలో ఇరుక్కొని ఉండేవాళ్లం.

"అన్నీ తిరిగి పెట్టిస్తా అత్తే. ఉండేది ఉన్నట్టే," అంది ముక్కు చీదుకుంటూ. పాట అయిపోయి నీళ్ల చప్పుడు మొదలైంది. అది ఆగాక తనే లేచి, బాత్రూములోంచి మగ్గుతో నీళ్లు తెచ్చి, గుమ్మంలో నా కాళ్ల మీద పోసి, తన కాళ్ల మీద పోసుకుంది. ఇప్పుడు కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి, ఎంతైనా పోసుకోవచ్చు. అంత గట్టిగా, అంతసేపు, తలుపు తెరిచి పెట్టి, ఒక ఆడమనిషి గుండె పగిలి ఏడ్చిన గొంతు ఈ మూడో అంతస్తు మెట్ల దాకా వెళ్లింది. ఇద్దరం తడి కాళ్లతో గుమ్మంలోనే నిలబడ్డాం, ఎదురు ఫ్లాటు తలుపు వైపు చూస్తూ, ఎవరు పోయారని అడగడానికి ఎవరైనా వస్తారేమోనని.